శిలీంధ్రాల కథ – 6: తండ్రి జాడ దొరకని ట్రఫుల్

పోయిన భాగంలో రొట్టె పిండినీ ద్రాక్షరసాన్నీ పొంగించే ఈస్టు గురించి చెప్పుకున్నాం. అది మనిషి కళ్ల ముందు, చెప్పినట్టు పనిచేసే శిలీంధ్రం. ఈ భాగంలో చెప్పుకునే ట్రఫుల్ అనే తినే శిలీంధ్రం అందుకు పూర్తిగా వ్యతిరేకం. నేల కింద జానెడు లోతున ఉంటుంది, ఎవరి మాటా వినదు, రెండు వేల ఏళ్లకు పైగా పండితుల్ని ముప్పుతిప్పలు పెడుతోంది.

రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఒక ముచ్చట రాశాడు. స్పెయిన్‌లో, ఇప్పుడు కార్తహేనా అని పిలిచే ఊళ్లో, లార్సియస్ లిసినియస్ అనే న్యాయాధికారి ట్రఫుల్ కొరికాడట. లోపల దేనారియస్ నాణెం ఉంది. ముందుపళ్లు వంగిపోయాయి. ప్లినీ దీన్ని నవ్వుకోవడానికి రాయలేదు, రుజువుగా రాశాడు. ట్రఫుల్ అనేది మట్టి తనంతట తాను ముద్దకట్టగా తయారయ్యే పదార్థమనీ, కాకపోతే దాని కడుపులోకి నాణెం ఎలా వస్తుందనీ ఆయన వాదం. నిజానికి ట్రఫుల్ పెరుగుతూ పెరుగుతూ పక్కనున్న గులకరాళ్లను తనలో కలిపేసుకుంటుంది. ఆ రోజు దానికి రాయి బదులు నాణెం దొరికింది.

ప్లినీకి ముందూ తర్వాతా గ్రీకులు ఇలాగే తలలు పట్టుకున్నారు. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, పువ్వు లేదు, విత్తనం కనబడదు. మరి పుట్టేదెలా? థియోఫ్రాస్టస్ కాలం నుంచీ వినిపించే జవాబు శరత్కాలపు వానలు, ఉరుములు. ప్లూటార్క్ తన విందు సంభాషణల పుస్తకంలో ఈ ఉరుముల సంగతి మీదే ఒక చర్చ నడిపాడు. అరబ్బు ఎడారుల్లో దొరికే మరో రకం ట్రఫుళ్లను అక్కడివాళ్లు కూడా ఉరుములతోనే ముడిపెట్టారు. ఉరుము ఉరిమితే పుట్టగొడుగు లేస్తుందని మన పల్లెల్లో అనుకోవడమూ ఈ కోవలోదే. గోదావరి దాటి బస్తర్ వైపు వెళితే, తొలకరి మొదలయ్యాక సాల అడవుల్లో నేల గీరి ‘బోడా’ ఏరుకొచ్చి సంతలో అమ్ముతారు. అదీ చెట్టు వేళ్లను అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రమే. ట్రఫుల్ కుటుంబానిది కాదు, అంతే తేడా.

పాతవాళ్ల మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయనక్కర్లేదు. ఉల్ఫ్ బ్యుంట్‌గెన్ అనే శాస్త్రవేత్త బృందం స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీల దిగుబడి లెక్కల్ని వాతావరణ రికార్డుల పక్కన పెట్టి 2012లో ఒక ఫలితం ప్రకటించింది. వేసవిలో వాన బాగా పడిన ఏడు ఆ చలికాలంలో నల్ల ట్రఫుల్ బాగా దొరుకుతుంది. మధ్యధరా తీరంలో వేసవి వాన అంటే చాలావరకు ఉరుముల వానే. కారణం తప్పు చెప్పినా లక్షణం సరిగ్గానే పట్టుకున్నారు పాతకాలం వాళ్లు.

కోసి చూసి, బొమ్మ గీసి, పేరు పెట్టే పని 18వ శతాబ్దంలో మొదలైంది. తెల్ల ట్రఫుల్‌ను 1788లో టురిన్‌కు చెందిన విట్టోరియో పీకో వర్ణించాడు. ట్యూబర్ మాగ్నాటమ్ అనే శాస్త్రనామం ఆయన పెట్టిందే. మిలాన్ వైద్యుడు కార్లో విట్టాడినీ 1831లో నల్ల ట్రఫుల్‌కు ట్యూబర్ మెలనోస్పోరమ్ అని పేరిచ్చాడు. 1851లో ఫ్రాన్స్‌కు చెందిన ట్యులాన్ సోదరులు భూగర్భ శిలీంధ్రాల మీద పెద్ద గ్రంథం తెచ్చారు. అందులోని బొమ్మలను చూస్తే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం. ఇంత జరిగినా జనంలో వేరే సిద్ధాంతం చలామణీ అవుతూనే ఉంది. ఓక్ చెట్టు వేరును ఒక రకం ఈగ కుడుతుందట, కుట్టిన చోట వేరు ఉబ్బి ట్రఫుల్ అవుతుందట. ట్రఫుల్ దొరికే చోట నిజంగానే ఈగలు ముసురుతాయి కాబట్టి ఈ మాట నమ్మేవాళ్లకు కొదవలేదు.

పండితులు ఇలా వాదించుకుంటూ ఉండగా దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక రైతు పని కానిచ్చేశాడు. అతని పేరు జోసెఫ్ తలోన్, ఊరు ఆప్ట్ పట్టణం దగ్గరి సాన్ సాతుర్నాన్. 1810 ప్రాంతంలో, ట్రఫుల్ దొరికే ఓక్ చెట్ల కింద రాలిన కాయలు ఏరి తన రాళ్ల నేలలో నాటాడు. కొన్నేళ్లకు ఆ మొక్కల కింద ట్రఫుళ్లు కనిపించాయి. మళ్లీ నాటాడు, మళ్లీ వచ్చాయి. సిద్ధాంతం ఏమిటో అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు. కార్పెంట్రా పట్టణానికి చెందిన ఒగ్యుస్త్ రూసో అనే వ్యాపారి 1847లో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున, ఏడు హెక్టార్లలో, చేపట్టాడు. 1855 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో తన పంటను ప్రదర్శనకు పెట్టాడు. ఆపైన ఫ్రాన్స్‌లో ఓక్ నాటడం ఒక జ్వరంలా పాకింది.

దానికి ఒక పురుగు కూడా సాయం చేసింది. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే చిన్న కీటకం ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని వేళ్ల దగ్గర తినేసి ఎండబెట్టింది. ద్రాక్ష చచ్చిన సున్నపు నేలల్లో రైతులు ఓక్ మొక్కలు పెట్టారు. అడవులు నరికేసి బోడిగా మిగిలిన వెంటూ పర్వతపు వాలు మీద కూడా ఓక్‌లు నాటారు. 19వ శతాబ్దం చివరికి ఫ్రాన్స్‌లో ఏడాదికి వెయ్యి టన్నులు, అంతకు పైబడి ట్రఫుల్ దొరికేదని అంచనాలు ఉన్నాయి. ఇప్పుడు అది కొన్ని పదుల టన్నులు. రెండు ప్రపంచ యుద్ధాల్లో మనుషులు పోయారు, పల్లెలు ఖాళీ అయ్యాయి, తోటలు గుబురెక్కి అడవులయ్యాయి. వెలుతురు తగలని నేలలో ట్రఫుల్ రాదు.

ఫ్రాన్స్ ఇలా వెలుగుతున్న రోజుల్లోనే బెర్లిన్‌లో ఒక ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. శిలీంధ్ర శాస్త్రంలో అంతటి ఫలితమిచ్చిన సర్కారీ కాగితం మరొకటి లేదేమో. ప్రష్యాలో కూడా ట్రఫుల్ సాగు చేయవచ్చేమో చూడమని వ్యవసాయ మంత్రి ఒక వృక్షశాస్త్రవేత్తకు పని అప్పగించాడు. ఆయన ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్, బెర్లిన్ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు. లైకెన్లలో శైవలమూ శిలీంధ్రమూ కలిసి కాపురం చేస్తాయన్న విషయం మీద అప్పటికే పనిచేసినవాడు. కలిసి బతకడమంటే తప్పనిసరిగా ఒకరు రెండోవారిని పీల్చడమే కానక్కర్లేదన్న ఆలోచన ఆయనకు అప్పటికే ఉంది.

ఫ్రాంక్ ట్రఫుల్‌ను వదిలేసి చెట్టు వేరు పట్టుకున్నాడు. మట్టి కడిగేసి, దారాల్లాంటి పిల్లవేళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. వేరు కొసలు ఒట్టిగా లేవు. ప్రతి కొసకూ శిలీంధ్ర తంతువులు అల్లిన ఒక తొడుగు ఉంది. కొన్ని తంతువులు లోపలికి దిగి వేరు కణాల మధ్య సందుల్లో అల్లుకున్నాయి, ఇంకొన్ని బయటికి మట్టిలోకి చాచుకుపోయాయి. తెగులేమో అనుకుందామంటే చెట్టు నిక్షేపంగా ఉంది. ట్రఫుల్ దొరకని చోట్ల చూశాడు, అక్కడా ఉంది. ఓక్, బీచ్, హార్న్‌బీమ్, హేజెల్, చెస్ట్‌నట్, ఏ చెట్టు తవ్వినా అదే తొడుగు. వేరుకు మట్టి నేరుగా తగలడమే లేదు. అంటే చెట్టుకు నీళ్లూ లవణాలూ ఏవి చేరాలన్నా ఆ శిలీంధ్రం చేతుల మీదుగానే చేరాలి.

1885లో ఫ్రాంక్ ఈ సంగతి ప్రచురించాడు. వేరూ శిలీంధ్రమూ కలిసిన ఈ అవయవానికి మైకోరైజా అని పేరు పెట్టాడు. శిలీంధ్రం చెట్టుకు పాలిచ్చే దాది అన్నాడు. శాస్త్ర ప్రపంచం ఒప్పుకోవడానికి సిద్ధంగా లేని మాట అది. బూజు అంటే అప్పటికి తెగులు, కుళ్లు, కరువు. ఐర్లండ్‌లో బంగాళాదుంప తెగులు తెచ్చిన కరువుకు అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. పంటల్ని చంపే బూజుల మీద శాస్త్రవేత్తలు యుద్ధం చేస్తున్న కాలంలో, అడవి మొత్తాన్ని బూజే పోషిస్తోందని ఒక మనిషి లేచి చెబితే ఎవరు వింటారు?

గట్టిగా ఎదురు తిరిగిన వారిలో అడవి చెట్ల తెగుళ్ల నిపుణుడు రాబర్ట్ హార్టిగ్ ఒకడు. ఇక్కడ చరిత్ర ఒక చిన్న చమత్కారం చేసింది. రాబర్ట్ తండ్రి థియోడర్ హార్టిగ్ కూడా అటవీ శాస్త్రవేత్తే. ఆయన 1840లోనే చెట్టు వేరు కణాల మధ్య ఉన్న వలలాంటి అల్లికను బొమ్మ గీసి పెట్టాడు. అది శిలీంధ్రమని మాత్రం ఆయనకు తట్టలేదు. తండ్రి బొమ్మ గీసిన దాన్నే కొడుకు కాదన్నాడన్నమాట. నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ అల్లిక పేరు హార్టిగ్ వల.

ఫ్రాంక్ కన్నా కొంచెం ముందు, పోలండ్‌కు చెందిన ఫ్రాన్సిషెక్ కామియెన్‌స్కీ, పచ్చదనమే లేని మోనోట్రోపా అనే మొక్కను దాని వేరు మీది శిలీంధ్రమే పోషిస్తోందని చెప్పాడు. ఆయనకు దక్కాల్సిన పేరు దక్కలేదు. ఫ్రాంక్ అదృష్టవంతుడు, మొండివాడు కూడా. విమర్శలకు మాటలతో కాక కుండీలతో జవాబిచ్చాడు. ఆవిరి పట్టి శిలీంధ్రాల్ని చంపేసిన మట్టిలో కొన్ని మొక్కలు, మామూలు అడవి మట్టిలో కొన్ని మొక్కలు పెంచాడు. శిలీంధ్రం లేని మట్టిలోవి గిడసబారిపోయాయి.

ఫ్రాంక్ 1900లో చనిపోయాడు. ప్రష్యాలో ట్రఫుల్ పంట ఎన్నడూ పండలేదు. మంత్రి అడిగిన పని జరగలేదు, ఎవరూ అడగని ఒక కొత్త శాస్త్రం పుట్టింది. ట్రఫుల్ పరిశోధన చరిత్ర పొడుగునా ఇదే తంతు. వంటింటి కోసం వెతుకులాట మొదలవుతుంది, చివరికి చేతికి చిక్కేది మరొకటి. నేల మీది మొక్క జాతుల్లో నూటికి ఎనభైకి పైగా ఏదో ఒక మైకోరైజాతోనే బతుకుతున్నాయని ఇప్పుడు తెలుసు. మన కంది, మిరప, మామిడి కూడా అందులోవే. వాటి వేళ్లలో ఉండే శిలీంధ్రాలు వేరే కుటుంబానివి, కంటికి కనబడే కాయ కాయనివి.

దాది మాటకు తిరుగులేని రుజువు రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. స్వీడన్‌లోని ఉప్సలాలో ఎలియాస్ మెలిన్ 1920లలో శిలీంధ్రాన్నీ పైన్ మొక్కనూ విడివిడిగా, ఇంకే సూక్ష్మజీవీ సోకకుండా పెంచి, తర్వాత కలిపాడు. మైకోరైజా గాజు పాత్రలో తయారైంది. 1950లో మెలిన్, నిల్సన్ రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ను శిలీంధ్రానికి అందించారు. అది పైన్ మొక్కలోకి చేరింది. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే పద్ధతిలో కార్బన్ మొక్క నుంచి శిలీంధ్రంలోకి వెళ్లడమూ చూపించారు. దాది ఊరికే పాలివ్వడం లేదు, జీతం పుచ్చుకుంటోంది.

ట్రఫుల్ విషయంలో ఈ జీతం లెక్క 2013లో తేలింది. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా ల తాకోన్ బృందం ఒక హేజెల్ చెట్టు ఆకులకు బరువైన కార్బన్-13 కలిసిన కార్బన్ డయాక్సైడ్‌ను పట్టించి, ఆ కార్బన్ ఎటు పోతుందో నెలల తరబడి వెంబడించింది. ఆకుల నుంచి వేళ్లకు, వేళ్ల నుంచి తొడుగుకు, అక్కడి నుంచి ట్రఫుల్‌కు చేరింది. ట్రఫుల్ మట్టిలోని కుళ్లు తిని పెరుగుతుందన్న పాత అనుమానం దాంతో పోయింది. అది తినేది చెట్టు వండిన కూడే.

తోటల కథకు వస్తే, ఈ జ్ఞానమంతా రైతుకు పనికొచ్చింది 1970లలో. ఇటలీలో టురిన్ పరిశోధకులు, ఫ్రాన్స్‌లో క్లెర్మాంట్-ఫెరాండ్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో జాన్ గ్రాంత్, జెరార్ షెవాలియే మొక్క వేళ్లకు ట్రఫుల్ సిద్ధబీజాలను (విత్తనాల్లాంటి కణాలను) నేరుగా అంటించే పద్ధతిని గట్టిపరిచారు. తలోన్ కాయలు నాటి అదృష్టం కోసం ఎదురుచూశాడు. వీళ్లు నర్సరీలోనే పెళ్లి చేసి మొక్కను పంపారు. ఆ మొక్కలు సముద్రాలు దాటాయి. న్యూజిలాండ్‌లో 1993లో, టాస్మేనియాలో 1999లో నల్ల ట్రఫుళ్లు తవ్వారు. అక్కడ చలికాలం జూన్ నుంచి ఆగస్టు వరకు కాబట్టి, యూరప్ హోటళ్లకు ఇప్పుడు వేసవిలోనూ తాజా నల్ల ట్రఫుల్ దొరుకుతోంది. స్పెయిన్‌లోని తెరుయెల్ జిల్లా ఒకప్పుడు వలస పోయే పేద ప్రాంతం, నేడది నల్ల ట్రఫుల్‌కు పెట్టింది పేరు.

అయినా ఒక చిక్కు వదల్లేదు. ఒకే నర్సరీ నుంచి తెచ్చి ఒకే నేలలో పెట్టిన చెట్లలో కొన్ని కాస్తాయి, కొన్ని ముప్పై ఏళ్లయినా కాయవు. వేళ్ల నిండా శిలీంధ్రం ఉంటుంది, ట్రఫుల్ మాత్రం ఉండదు. ఎందుకు?

జవాబు వాసనలో లేదు కానీ, వాసన సంగతి చెప్పకుండా ట్రఫుల్ గురించి మాట్లాడితే పాఠకులు క్షమించరు. ఆడపందిని తీసుకెళ్లి ట్రఫుల్ వెతికించడం పాత పద్ధతి. 1981లో జర్మన్ రసాయనవేత్తలు ట్రఫుల్‌లో ఆండ్రోస్టెనాల్ కనిపెట్టారు. మగపంది నోటి చొంగలో ఉండే, ఆడపందిని ఆకట్టుకునే స్టెరాయిడ్ ఇది. పత్రికలకు పండగ అయింది. ప్రేమ కోసం నేల తవ్వే పంది కథ ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది. 1990లో ఫ్రాన్స్‌లో థియెరీ తలూ బృందం ఒక సాదా పరీక్ష పెట్టింది. ఒక చోట అసలు ట్రఫుల్, ఒక చోట ఆండ్రోస్టెనాల్, ఇంకో చోట డైమిథైల్ సల్ఫైడ్ పాతిపెట్టి పందినీ కుక్కనూ వదిలారు. రెండూ ట్రఫుల్‌నూ డైమిథైల్ సల్ఫైడ్‌నూ పట్టేశాయి, ఆండ్రోస్టెనాల్‌ను అసలు పట్టించుకోలేదు. ఉడికిన క్యాబేజీలో వచ్చే గంధకపు వాసన డైమిథైల్ సల్ఫైడ్‌ది. ప్రేమకథ కన్నా తిండి కథ నిజమని తేలినా, దానికి అంత ప్రచారం రాలేదు. పంది తవ్వింది తవ్వినట్టు మింగేస్తుంది, వేళ్లనూ చీల్చేస్తుంది. అందుకే ఇటలీ 1985లో పందులతో వేట నిషేధించింది, పని కుక్కలకు దక్కింది.

ఇక హైదరాబాద్ కెఫేల్లో ట్రఫుల్ ఫ్రైస్ తినేవారికి ఒక మాట. సీసాల్లో ట్రఫుల్ నూనె పేరుతో వచ్చే వాటిలో చాలావాటికి ట్రఫుల్ గాలి కూడా సోకలేదు. తెల్ల ట్రఫుల్ వాసనలో ముఖ్యమైన బిస్ మిథైల్‌థయో మీథేన్‌ను 1967లో ఇటలీ రసాయనవేత్తలు గుర్తించారు. దాన్నే ఫ్యాక్టరీలో తయారుచేసి నూనెలో చుక్క వేస్తారు. అసలు ట్రఫుల్ వాసన ఒక్క పదార్థానిది కాదు. అందులో కొంత దాని కండలో కాపురముండే బ్యాక్టీరియా పని అని 2015లో మరో జాతి ట్రఫుల్ మీద జరిగిన పరిశోధన చూపించింది.

ఇంత వాసన ఎందుకంటే, నేల కింద ఉన్న శిలీంధ్రం గాలికి సిద్ధబీజాలు వదల్లేదు. ఎవరో ఒకరు తవ్వి తిని, మరోచోట విసర్జించాలి. అమెరికాలోని ఆరెగన్ సూచిపర్ణ అడవుల్లో క్రిస్ మేజర్, జేమ్స్ ట్రాప్ 1978లో ఈ గొలుసును వివరంగా రాశారు. ఎగిరే ఉడతలు ట్రఫుళ్లు తిని సిద్ధబీజాలు అడవంతా చల్లుతాయి, చుక్కల గుడ్లగూబ ఆ ఉడతల్ని తింటుంది, చెట్లేమో ట్రఫుల్ శిలీంధ్రాల మీద ఆధారపడతాయి. గుడ్లగూబను కాపాడాలంటే నేల కింది బూజును కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఇప్పుడు కాయని చెట్ల దగ్గరికి వద్దాం. 1990లలో డీఎన్ఏ పరీక్షలు చేతికొచ్చాక శాస్త్రవేత్తలు ట్రఫుల్ కండ ముక్క కోసి పరీక్షించారు. ప్రతిదానిలోనూ ఒకే ఒక్కరి జన్యువులు కనబడ్డాయి. ఇద్దరు తల్లిదండ్రుల గుర్తు లేదు. దాంతో ట్రఫుల్‌కు జోడీ అక్కర్లేదు, తనతో తనే జతకట్టి పిల్లల్ని కంటుందని తీర్మానించారు. ఆ తీర్మానం పదేళ్లు దాదాపు ఎదురు లేకుండా నిలబడింది. ఒకటే ఉంటే చాలనుకుంటే జోడీ సంగతి ఏ రైతు ఆలోచిస్తాడు?

తప్పు పరీక్షలో లేదు, ముక్కలో ఉంది. ట్రఫుల్ కండ అంతా తల్లి ఒంటిదే. తండ్రి వాటా కండలోకి రాదు, సిద్ధబీజాల్లోకి మాత్రమే వస్తుంది. సిద్ధబీజాల గోడ ఎంత మందమంటే మామూలు పద్ధతిలో డీఎన్ఏ తీస్తే అవి పగలనే పగలవు. ఇటలీలోని పెరూజాలో ఫ్రాంచెస్కో పావొలోచ్చీ, ఆండ్రియా రుబీనీ, క్లాడియా రిచ్చోనీ ఆ గోడల్ని పగలగొట్టి చూశారు. 2006లో తెల్ల ట్రఫుల్‌లో, 2008లో నల్ల ట్రఫుల్‌లో, తల్లిలో లేని జన్యువులు బయటపడ్డాయి. ట్రఫుల్‌కు తండ్రి ఉన్నాడు.

2010లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో పనిచేసే ఫ్రాన్సిస్ మార్టిన్ నాయకత్వంలో ఫ్రెంచి, ఇటాలియన్ శాస్త్రవేత్తలు నల్ల ట్రఫుల్ జన్యుపటం పూర్తిచేశారు. పన్నెండున్నర కోట్ల అక్షరాల డీఎన్ఏ, అప్పటికి చదివిన శిలీంధ్రాలన్నిటిలోకీ పెద్దది. అంత పుస్తకంలో జన్యువులు మాత్రం 7,500 ప్రాంతం. సగానికి పైగా, 58 శాతం, అటూఇటూ దూకి తమను తామే నకలు చేసుకునే డీఎన్ఏ ముక్కలే. చెక్కనూ ఆకునూ అరగదీసే ఎంజైముల జన్యువులు చాలా తక్కువ. చెట్టును వదిలి సొంతంగా బతకలేకపోవడానికి కారణం అక్కడే రాసి ఉంది. రైతుకు కావాల్సిన వాక్యం కూడా ఆ పుస్తకంలోనే దొరికింది. ట్రఫుల్‌లో జత కుదిరే రకాలు రెండు. ఒక రకం ఇంకో రకంతోనే కలుస్తుంది, తన రకంతో కలవదు.

మరుసటి ఏడు రుబీనీ బృందం తోటల్లో వేళ్లు తవ్వి ఎక్కడ ఏ రకముందో చూసింది. ఒక చెట్టు కింద వేళ్లన్నిటా ఒకే రకం. పక్క చెట్టు కింద ఇంకోటి, లేదా మళ్లీ అదే. నర్సరీలో మొక్క వేరు మీద రెండు రకాలూ కలిసే మొదలవుతాయి. కాలం గడిచే కొద్దీ బలమున్నది రెండోదాన్ని తరిమేస్తుంది. ఆ తర్వాత చెట్టు ఎంత ఆరోగ్యంగా ఉన్నా, అవతలి రకం దరిదాపుల్లో లేకపోతే కాపు లేదు.

మరి కాసే చెట్ల కింద తండ్రి ఎక్కడి నుంచి వస్తున్నాడు? ఈ ప్రశ్న మీద పదిహేనేళ్లుగా కుస్తీ సాగుతోంది. వేరు కొసల్లో వెతికితే తల్లులు దొరికాయి, తండ్రులు దాదాపుగా దొరకలేదు. 2016లో ఎలీజా తాషెన్, మార్క్-ఆంద్రే సెలోస్ బృందం సిద్ధబీజాల్లో మిగిలిన జన్యు గుర్తుల్ని బట్టి తండ్రుల లక్షణాలు రాబట్టింది. తల్లి ఏళ్ల తరబడి అదే చోట విస్తరించి ఉంటుంది. తండ్రి చిన్నవాడు, ఒక్క ఏడాది కనిపించి మాయమయ్యేవాడు, తరచుగా ఆ తల్లికి దగ్గరి బంధువే. కిందటేడు నేలలోనే మిగిలిపోయిన ట్రఫుల్ నుంచి మొలిచిన సిద్ధబీజాలే తండ్రులని ఒక ఊహ. అదే నిజమైతే, ప్రతి ట్రఫుల్‌నూ ఏరేసుకునే రైతు వచ్చే ఏటి పెళ్లికొడుకుల్ని తన చేత్తోనే అమ్మేస్తున్నట్టు. స్పెయిన్, ఫ్రాన్స్ రైతులు తవ్విన గుంటలో ట్రఫుల్ నలిపిన మట్టి వేసి కప్పడం కొంతకాలంగా అలవాటు చేసుకున్నారు. శాస్త్రం కారణం వెతుకుతూ ఉండగానే అనుభవంతో మొదలైన పని ఇది. తలోన్ వారసులు కదా.

2020లో ఇదే పరిశోధకుల వర్గం ఇంకో చిత్రమైన సంగతి బయటపెట్టింది. ట్రఫుల్ ఉన్న చెట్టు చుట్టూ గడ్డి మాడిపోయి గుండ్రటి బోడి మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చలోనూ చుట్టుపక్కలా మిగిలిన కలుపు మొక్కల వేళ్ల లోపల నల్ల ట్రఫుల్ డీఎన్ఏ ఉంది. పాఠ్యపుస్తకం ప్రకారం ఆ మొక్కలతో ట్రఫుల్‌కు ఏ సంబంధమూ ఉండకూడదు. తండ్రి అక్కడ తలదాచుకుంటున్నాడా అన్నది ఇంకా తేలలేదు. తోటను అద్దంలా శుభ్రంగా ఉంచాలని పారతో కలుపు తీసేవాళ్లు కాస్త ఆగితే మంచిది.

జన్యుపరీక్ష మార్కెట్లో దొంగల్ని కూడా పట్టించింది. చైనాలోని యునాన్, సిచువాన్ నుంచి చవకగా వచ్చే ట్యూబర్ ఇండికమ్ అనే ట్రఫుల్‌కు, ఫ్రెంచి నల్ల ట్రఫుల్‌కు కంటితో తేడా కనిపెట్టడం కష్టం. వాసనలో మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. పేరులో ఇండియా ఉండటానికి కారణం, 1892లో కుక్, మాసీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు దీన్ని వర్ణించింది మన హిమాలయాల నుంచి వెళ్లిన నమూనా చూసి. ఇటలీలో ఒక తోటలో చెట్ల వేళ్ల మీదే ఇది కాపురం పెట్టిందని 2008లో టురిన్ పరిశోధకులు చాటినప్పుడు యూరప్ ఉలిక్కిపడింది. ఎవరో నర్సరీలో తెలిసో తెలియకో తప్పు ట్రఫుల్ నలిపారు.

వాతావరణం మాట క్లుప్తంగా. వేసవి ఎండలు ఇలాగే పెరిగితే 2071–2100 నాటికి యూరప్ నల్ల ట్రఫుల్ దిగుబడి 78 నుంచి 100 శాతం దాకా పడిపోవచ్చని పాల్ థామస్, బ్యుంట్‌గెన్ 2019లో అంచనా వేశారు. అదే థామస్ రెండేళ్ల ముందు బ్రిటన్‌లోని వేల్స్‌లో, మధ్యధరా ఓక్ కింద, నల్ల ట్రఫుల్ పండించి చూపించాడు. ఫ్రాంక్ బతికుంటే ఆ వార్త ఆసక్తిగా చదివేవాడు.

అన్నిటికన్నా ఖరీదైన తెల్ల ట్రఫుల్ మాత్రం ఇంకా మనిషికి పూర్తిగా లొంగలేదు. దాని వేట ఇటలీలో తరతరాల విద్య, 2021లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. అదే ఏడు ఫ్రాన్స్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన క్లోద్ మ్యురా బృందం, సొంత గడ్డకు ఆవల నాటిన ఒక తోటలో తెల్ల ట్రఫుల్ కాసిందని ప్రకటించింది. నైరుతి ఫ్రాన్స్‌లోని నువెల్ అకితేన్‌లో ఆ తోట 2019లో మూడు ట్రఫుళ్లు ఇచ్చింది, 2020లో నాలుగు.

వచ్చే భాగంలో: సిలోన్ కాఫీ తోటల్ని ఇరవై ఏళ్లలో తుడిచిపెట్టి, ఆ దీవిని తేయాకు దేశంగా మార్చిన తుప్పు తెగులు.